అమర్‌నాథ్ వెళ్ళేసరికి మంచు లింగం కరిగిపోయి ఉంటే... దర్శనం అయినట్టా, కానట్టా?

 

ఈ వారం మన ఛానల్‌లో అమర్‌నాథ్ యాత్ర వీడియో పెట్టాను. పహల్‌గామ్ నుంచి శేషనాగ్ సరస్సు, పంచతరణి దాకా అన్నీ చూపించాను. గుహ కింద మెట్ల దగ్గరకి వచ్చేసరికి వీడియో ఆగిపోయింది. గుహలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్ళనివ్వరు, అదొక కారణం. అసలు కారణం వేరే ఉంది. మేము వెళ్ళేసరికి అక్కడ మంచు లింగం లేదు. కరిగిపోయింది.

వీడియోలో ఆ మాట ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. నిజం చెప్పాలంటే దాని గురించి మాట్లాడే ధైర్యం అప్పటికి రాలేదు. అక్కడ ఏం జరిగింది, దాని వల్ల నేను ఏం నేర్చుకున్నాను అన్నది ఇవాళ ఈ పాఠంలో వివరంగా చెబుతాను. అమర్‌నాథ్ వెళ్ళాలనుకునేవాళ్ళకే కాదు, ఏ క్షేత్రానికి వెళ్ళేవాళ్ళకైనా ఇది పనికొస్తుందని నా నమ్మకం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందుగా, ఆ గుహ ఏమిటి? ఆ లింగం ఏమిటి?

మన తెలుగు నేల మీద గుహాలయాలకి కొదవ లేదు. యాగంటిలో అగస్త్యుడి గుహ ఉంది, అహోబిలంలో కొండ గుహల్లో నరసింహస్వామి ఉన్నాడు, భైరవకోనలో ఒకే కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభుడు శయనించి ఉంటాడు. వీటన్నిటిలో ఒక ధైర్యం ఉంది. అవి రాతి మూర్తులు. మనం ఈ ఏడు వెళ్ళినా, పదేళ్ళ తర్వాత వెళ్ళినా స్వామి అక్కడే ఉంటాడు. మనం ఆలస్యం చేసినా ఆయన ఎక్కడికీ పోడు.

అమర్‌నాథ్ అలా కాదు. కాశ్మీర్ హిమాలయాల్లో సముద్ర మట్టానికి 3,888 మీటర్ల ఎత్తున, అంటే పన్నెండు వేల ఏడువందల అడుగుల పైన, కొండ నడుమ నోరు తెరిచినట్టుండే పెద్ద గుహ అది. మనం ఊహించుకునే చీకటి గుహ కాదు. మొహం విశాలంగా ఉంటుంది కాబట్టి వెలుతురు లోపలిదాకా వస్తుంది. పై కప్పు రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చుక్కచుక్కగా కింద పడతాయి. కిందంతా గడ్డకట్టే చలి. పడిన చుక్క పడినట్టే మంచవుతుంది, దాని మీద ఇంకో చుక్క. అలా కింద నుంచి పైకి పెరిగిన మంచు స్తంభాన్నే మనం హిమలింగం అంటున్నాం. పక్కన చిన్నగా ఏర్పడే మంచు రూపాలని పార్వతీదేవిగా, వినాయకుడిగా కొలుస్తారు. దాన్ని ఎవరూ చెక్కలేదు, ఎవరూ ప్రతిష్ఠించలేదు. అందుకే స్వయంభువు అన్నారు.

చంద్రకళలతో పాటు ఆ లింగం పెరుగుతుంది, తరుగుతుంది అని పెద్దలు చెబుతారు. ఎండలు ముదిరేకొద్దీ కరుగుతుందన్నది మాత్రం ఎవరైనా కళ్ళారా చూడగలిగేదే. యాత్ర సాధారణంగా జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో మొదలై శ్రావణ పూర్ణిమ దాకా సాగుతుంది. వేసవి గట్టిగా ఉన్న సంవత్సరాల్లో యాత్ర సగానికి రాకముందే లింగం మాయమవుతుంది. 2024లో అయితే జూన్ 29న యాత్ర మొదలైతే, వారం పది రోజుల్లోనే కరిగిపోయింది. ఆ తర్వాత కూడా లక్షల మంది వెళ్ళారు. వాళ్ళందరూ ఏం చూసి వచ్చినట్టు? ఇదే మన ఇవాళ్టి ప్రశ్న.

మారేడాకుల డబ్బా

ఇక్కడ నా సొంత విషయం కొంచెం చెప్పాలి, చెప్పకపోతే పాఠం అర్థం కాదు.

అమర్‌నాథ్ వెళ్ళాలన్నది మా నాన్నగారి కోరిక. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవు దొరకలేదు, రిటైరయ్యాక మా చెల్లి పెళ్ళి, ఆ తర్వాత ఇల్లు. పాత బిస్కెట్ డబ్బా ఒకదాంట్లో వేరేగా డబ్బులు దాచేవారు, ఇంట్లో అందరం దాన్ని 'అమర్‌నాథ్ డబ్బా' అనేవాళ్ళం. అవసరం పడినప్పుడల్లా అందులోంచి తీసేవాళ్ళం కూడా. రెండేళ్ళ కిందట ఆయన వెళ్ళిపోయారు. డబ్బా అలాగే ఉండిపోయింది.

అమ్మ అప్పటినుంచీ ఒకటే మాట, "ఆయన బదులు నేనన్నా వెళ్ళొస్తాను" అని. అమ్మకి అరవై ఆరు. డెబ్భై దాటితే అనుమతించరు కాబట్టి ఇంకెన్నాళ్ళో ఆగలేం. డాక్టరు దగ్గర పరీక్షలు చేయించి, ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని, ఇద్దరం బయల్దేరాం. మా పెరట్లో నాన్నగారు నాటిన మారేడు చెట్టుంది. బయల్దేరే రోజు పొద్దున్నే అమ్మ దాని దళాలు కోసి, తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంది. "స్వామి మీద వెయ్యాలిరా" అంది. నేను మన వీడియోలో "ఈసారి మీ అందరికీ హిమలింగ దర్శన విశేషాలు చెబుతాను" అని ముందే మాటిచ్చేశాను. ఇద్దరివీ రెండు మొక్కులు అనుకోండి.

శివుడు దారిలో ఏమేం వదిలాడు?

అమర్‌నాథ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మీ మెడలో ఆ కపాలాల మాల ఏమిటి, మీకు చావు లేదు, నేనెందుకు మళ్ళీ మళ్ళీ పుడుతున్నాను అని పార్వతీదేవి అడిగింది. ఆ అమరకథ చెప్పడానికి, వేరే ప్రాణి వినకుండా ఉండే చోటు కోసం శివుడు ఈ గుహని ఎంచుకున్నాడు. వెళ్ళే దారిలో తన వెంట ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వదిలేశాడని స్థల పురాణం.

పహల్‌గామ్‌లో నందిని వదిలాడు. చందన్‌వాడీలో జటలోని చంద్రుణ్ణి దించాడు. శేషనాగ్ సరస్సు దగ్గర మెడలో పాముల్ని వదిలాడు. మహాగుణస్ పర్వతం మీద కన్నకొడుకు వినాయకుణ్ణి నిలబెట్టాడు. పంచతరణిలో, ఐదు పాయలుగా నీళ్ళు పారే చోట, పంచభూతాలనే విడిచిపెట్టాడు. అప్పుడు గుహలోకి వెళ్ళాడు. అయినా అక్కడ గుడ్డులో ఉన్న పావురాల జంట ఆ కథ విని అమరమైందని చెబుతారు. ఇప్పటికీ గుహలో పావురాలు కనపడితే యాత్రికులు దణ్ణం పెట్టుకుంటారు.

ఈ కథని ఇదివరకు నేను రెండు మూడు వీడియోల్లో చెప్పాను. చెప్పినప్పుడల్లా అది శివుడి గురించిన కథ అనే అనుకున్నాను. ఆ దారిలో నడిచాకే తెలిసింది, అది వెళ్ళేవాడికి చెప్పిన కథ అని.

మాది పహల్‌గామ్ దారి. పహల్‌గామ్ నుంచి చందన్‌వాడీ దాకా పదహారు కిలోమీటర్లు బండి వెళుతుంది. అక్కడి నుంచి గుహకి సుమారు ముప్ఫై రెండు కిలోమీటర్లు. అమ్మ గుర్రం మీద, నేను నడక. మొదటి రాత్రి శేషనాగ్‌లో, రెండో రాత్రి పంచతరణిలో, మూడో రోజు గుహ.

ఆడవాళ్ళు ఆ దారిలో చీర కట్టుకోవద్దని యాత్ర నిర్వాహకులు ముందే సలహా ఇస్తారు. గుర్రం ఎక్కాలన్నా, జారే మంచు మీద నడవాలన్నా చీర ప్రమాదం. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టని మా అమ్మ, చందన్‌వాడీలో పంజాబీ డ్రెస్సు, దాని మీద స్వెట్టరు, కాళ్ళకి బూట్లు వేసుకుని బయటికొచ్చి, "మీ నాన్న చూస్తే గుర్తుపట్టరు" అని నవ్వింది. శివుడు నందిని వదిలాడు, మా అమ్మ చీర వదిలింది. శేషనాగ్‌లో నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. నాలుగు గంటలసేపు వీడియో తియ్యలేకపోయాను. ఆ నాలుగు గంటల్లోనే సరస్సుని సరిగ్గా చూశాను.

మహాగుణస్ సుమారు పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. అక్కడ పది అడుగులు వేస్తే ఆయాసం. 'నాకు ఓపికుంది, రోజూ వాకింగ్ చేస్తాను' అనే గర్వం అక్కడ దిగిపోయింది. అమ్మ గుర్రాన్ని నడిపిస్తున్న కాశ్మీరీ అబ్బాయి నా బ్యాగ్ తీసి తన భుజాన వేసుకున్నాడు. నేను వద్దనలేదు.

ఇక్కడ ఒక మాట. ఈ గుహని లోకానికి మళ్ళీ చూపించింది బూటా మాలిక్ అనే ముస్లిం గొర్రెల కాపరి అని కాశ్మీర్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఒక సాధువు ఇచ్చిన బొగ్గుల సంచి ఇంటికి వెళ్ళి చూస్తే బంగారమైందట, కృతజ్ఞత చెబుదామని తిరిగొస్తే ఈ గుహ కనపడిందట. 2000 సంవత్సరంలో చట్టం చేసి దేవస్థానం బోర్డు ఏర్పాటయ్యే వరకూ ఆ కుటుంబానికి కానుకల్లో వాటా ఉండేది. ఈ రోజుకీ గుర్రాలు నడిపేవాళ్ళు, డోలీ మోసేవాళ్ళు, గుడారాలు వేసేవాళ్ళు ఎక్కువమంది ఆ లోయ ముస్లింలే. మన పెద్దవాళ్ళు శివుడి దగ్గరికి వాళ్ళ భుజాల మీదే వెళుతున్నారు. వాళ్ళతో బేరాల దగ్గర, మాటల దగ్గర మర్యాదగా ఉందాం.

పంచతరణిలో తెలిసింది

రెండో రాత్రి పంచతరణి గుడారంలో పడుకున్నాం. అప్పుడే గుహ నుంచి దిగొచ్చిన నాగపూర్ వాళ్ళు పక్క మంచాల్లో ఉన్నారు. "బాబా అంతర్ధాన్ హో గయే" అన్నారు. స్వామి అంతర్ధానమయ్యారు అని. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అమ్మకి హిందీ రాదు. నేను చెప్పలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. ఎత్తు మీద నిద్ర పట్టకపోవడం మామూలే, కానీ నాది ఆ ఇబ్బంది కాదు. కోపం. నాన్నగారి డబ్బులు, అమ్మ మోకాళ్ళు, మూడు రోజుల చలి, ఇంత దూరం తెచ్చిన మారేడాకులు. ఒక్క వారం ముందు బయల్దేరితే సరిపోయేది. ఆ వారం నేను ఒక కార్యక్రమం ఒప్పుకున్నాను కాబట్టి వాయిదా వేశాను. ఆ కోపంలో సగం నా మీదే. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచను. 'వీడియోకి పాత ఫోటో ఏదైనా పెట్టేద్దాం, నిండు లింగం ఉన్నది. ఎవరికి తెలుస్తుంది?' అనుకున్నాను. పంచభూతాలు వదిలిన చోట పడుకుని నేను ఆలోచించింది ఇదీ.

ఖాళీ పీఠం ముందు

పొద్దున్నే ఆరు కిలోమీటర్లు. గుర్రాలు గుహ దాకా రావు. చివర నడక, ఆ పైన మెట్లు. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని ఎక్కింది. మెట్ల మధ్యలో ఆగి నేను చెప్పేశాను. "అమ్మా, లింగం కరిగిపోయిందట." అమ్మ ఏమీ అనలేదు. ఊపిరి తీసుకుని, "పద" అంది.

పైన ఇనుప కటకటాలు, లోపల తడి రాయి. దాని మీద పూలు, బట్టలు. ఒక మూల తెల్లగా కొంచెం మంచు పేరుకుని ఉంది, దాన్ని లింగం అనలేం. కప్పు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. వెనక నుంచి "చలో, చలో" అని తొందర. నా కళ్ళు ఆ ఖాళీలో ఏదో వెతుక్కుంటున్నాయి. అమ్మ మాత్రం డబ్బా తెరిచింది. ఆకులు అంచులు నల్లబడ్డాయి. కటకటాల దగ్గరున్న పూజారి చేతికిచ్చింది. ఆయన తీసుకుని ఆ తడి రాయి మీద పెట్టాడు. అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుంది. మా నాన్నగారి గోత్రం, పేరు చెప్పుకుంది. అంతే, నిమిషం కూడా పట్టలేదు.

కిందికి దిగుతూ ఒక రాతి మీద కూర్చున్నాం. నేను "సారీ అమ్మా, ఒక్క వారం ముందొచ్చుంటే..." అని మొదలుపెట్టాను.

అమ్మ నా వంక చూసి, "అదేంట్రా, పసుపు గణపతికి ఉద్వాసన చెప్పాక ఏడుస్తామా?" అంది.

ఉద్వాసన అంటే ఏమిటి?

ఇదే ఇవాళ్టి పాఠం. కాస్త నిదానంగా చూద్దాం.

మన ఇళ్ళల్లో ఏ పూజ మొదలుపెట్టినా ముందు పసుపు గణపతి ఉండాలి. సత్యనారాయణ వ్రతమైనా, వరలక్ష్మీ వ్రతమైనా, పెళ్ళయినా. చిటికెడు పసుపు, కాసిని నీళ్ళు. తమలపాకు మీద చిన్న ముద్ద. అప్పటిదాకా అది వంటింట్లో పసుపు. ఆవాహన చేశాక అది మహాగణపతి. ఆసనం, అర్ఘ్యం, పాద్యం, ధూపం, దీపం, బెల్లం ముక్క నైవేద్యం, అన్నీ ఆయనకే. పూజ అయ్యాక ఆకుని కొంచెం జరిపి, స్వామీ మీ స్థానానికి మీరు వెళ్ళండి, మళ్ళీ మా మేలు కోసం రండి అని చెబుతాం. అదే ఉద్వాసన. ఆ తర్వాత ఆ పసుపుని నీళ్ళల్లో కలిపి చెట్టు మొదట్లో పోస్తాం.

అయ్యో, దేవుడు పోయాడే అని ఏ ఇంట్లోనూ ఎవరూ ఏడవలేదు. ఎందుకంటే రూపం వచ్చింది పూజ కోసమని, పూజ అయ్యాక వెళుతుందని మనకి చిన్నప్పటినుంచే తెలుసు. 'మళ్ళీ రండి' అని చెప్పి మరీ పంపిస్తాం. ఆవాహన ఎంత పూజో ఉద్వాసన కూడా అంత పూజే.

కార్తీక మాసంలో పార్థివ లింగం చేస్తాం. మట్టితో లింగం చేసి, అభిషేకం చేసి, పూజ కాగానే నీళ్ళల్లో కలిపేస్తాం. వినాయక చవితికి మట్టి వినాయకుణ్ణి తొమ్మిది రోజులు కొలిచి నిమజ్జనం చేస్తాం. తెలంగాణలో బతుకమ్మని పూలతో పేర్చి, ఆడిపాడి, చెరువులో వదులుతారు. కరిగిపోయే దేవుడు మనకి కొత్త కాదండీ. కరిగించడం మన చేతిలో ఉన్నప్పుడు మనకి బాధ లేదు. అమర్‌నాథ్‌లో మాత్రం మంచుతో లింగాన్ని చేసుకునేదీ, ఉద్వాసన చెప్పుకునేదీ స్వామే. ముహూర్తం ఆయనది. మన టికెట్ తేదీకి అది కుదరలేదని మనకి బాధ.

మా అమ్మకి శాస్త్రాలు తెలియవు. యాభై ఏళ్ళుగా పసుపు గణపతిని చేస్తోంది, అంతే. ఆ తడి రాయి ముందు ఆవిడకి లోటు కనపడలేదు, పూజ పూర్తయిన పీఠం కనపడింది. నేను ఛానల్‌లో ఇన్నేళ్ళుగా పురాణాలు చెబుతున్నాను, నాకు లేని లింగం కనపడింది.

పెద్దలు ఏం చేశారు?

ఇది మా అమ్మ ఒక్కరి మాటే అనుకోకండి. సంప్రదాయంలోనే ఉంది.

అమర్‌నాథ్ యాత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం 'ఛడీ ముబారక్'. శ్రీనగర్‌లోని దశనామీ అఖాడా నుంచి సాధువులు శివుడి వెండి దండాన్ని ఊరేగింపుగా తీసుకెళ్ళి శ్రావణ పూర్ణిమ నాడు గుహలో పూజ చేస్తారు. దాంతో యాత్ర ముగుస్తుంది. అంటే ప్రధాన పూజ జరిగేది యాత్ర చిట్టచివర, లింగం కరిగిపోయే కాలంలో. చాలా సంవత్సరాల్లో ఆ రోజుకి హిమలింగం ఉండదు. అయినా ఆ పూజ ఆగదు. లింగం ఉంటేనే దర్శనం అన్నది మన లెక్క, సంప్రదాయం లెక్క అది కాదు.

పంచభూత లింగాలు చూడండి. మన శ్రీకాళహస్తిలో వాయులింగం. గాలిని చూడగలమా? గర్భగుడిలో దీపం రెపరెపలాడితే అదే వాయువు ఉన్న గుర్తు అంటారు. జంబుకేశ్వరంలో లింగం దగ్గర నీరు ఊరుతుంది, అది జలలింగం. చిదంబరంలో ఆకాశ లింగం. అక్కడ తెర తీసి చూపించే రహస్యంలో బంగారు మారేడు దళాల మాలలు వేలాడుతుంటాయి, వాటి వెనక రూపమేమీ లేదు. ఆ ఖాళీనే చూసి మన పెద్దలు తరతరాలుగా చేతులు జోడించారు. లింగం అన్న మాటకి సంస్కృతంలో గుర్తు అని అర్థం. గుర్తు మారవచ్చు, చెరిగిపోవచ్చు. అది చూపించేది మాత్రం అక్కడే ఉంటుంది.

'గుహ' అన్న మాట కూడా అంతే. దాచడం అన్న అర్థమిచ్చే ధాతువులోంచి వచ్చింది. ఉపనిషత్తుల్లో గుహ అని చెప్పినప్పుడు చాలా చోట్ల మన హృదయమే. పరమాత్మ ఆ గుహలో ఉన్నాడని చెబుతాయి. కొండ గుహకి మూడు రోజులు నడిపించేది, ఈ గుహ ఒకటి ఉందని గుర్తు చెయ్యడానికే.

స్వామి వివేకానంద 1898 ఆగస్టు 2న అమర్‌నాథ్ గుహని దర్శించారు. సిస్టర్ నివేదిత ఆ యాత్రలో ఆయన వెంట ఉన్నారు. దిగొచ్చాక చాలా రోజులు ఆయన నోట శివుడి మాట తప్ప వేరే మాట లేదని ఆవిడ రాశారు. గుహలో ఆయన నిలబడింది కాసేపే. ఆ తర్వాత రోజుల తరబడి ఉన్నదేదో ఆయన వెంట కిందికి వచ్చింది. మనం కిందికి ఏం తెచ్చుకున్నాం అన్నది చూసుకోవాలి.

వెళ్ళేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

భక్తి పేరుతో అజాగ్రత్త పనికిరాదండీ. 1996 ఆగస్టులో ఈ దారిలో మంచు తుఫాను వచ్చి 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. ఆ తర్వాతే వయసు, ఆరోగ్యం, సంఖ్య విషయంలో కట్టుబాట్లు వచ్చాయి. 2022 జూలై 8న గుహ దగ్గర్లోనే వరద వచ్చి ప్రాణాలు పోయాయి. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

1. పదమూడేళ్ళ లోపు పిల్లల్ని, డెబ్భై దాటినవాళ్ళని, ఆరు వారాలు దాటిన గర్భిణులని అనుమతించరు. ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. బీపీ, గుండె, ఆస్తమా ఉంటే డాక్టరుకి నిజం చెప్పండి. సర్టిఫికెట్ 'సంపాదించుకోవద్దు'.

2. బయల్దేరే ముందు కనీసం నెల రోజులు రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడవండి. ఆ ఎత్తులో మనకి అందే ప్రాణవాయువు ఇక్కడితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే.

3. తలనొప్పి, వాంతులు, తూలడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే పైకి వెళ్ళకండి. వెంటనే వైద్య శిబిరానికి వెళ్ళండి, వాళ్ళు చెబితే కిందికి దిగిపోండి. ఇంత దూరం వచ్చాం కదా అని మొండికేయకండి.

4. సోమవారమనీ ఏకాదశనీ అక్కడ ఉపవాసాలు పెట్టుకోకండి. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు. దారి పొడుగునా ఉచిత లంగర్లు ఉంటాయి, వేడిగా తినండి, నీళ్ళు బాగా తాగండి.

5. ఉన్ని బట్టలు, రెయిన్‌కోటు, పట్టున్న బూట్లు, టార్చి, చేతికర్ర ఉండాలి. ఎండగా ఉందని నమ్మొద్దు, గంటలో వాన పడుతుంది.

6. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచెయ్యవు. పోస్ట్‌పెయిడ్ ఉంటే మంచిది. యాత్ర కార్డు మెడలోనే ఉంచుకోండి. అది లేకపోతే ముందుకి పంపరు.

7. రెండో దారి బాల్‌తాల్ నుంచి. పద్నాలుగు కిలోమీటర్లే కానీ నిటారు. దగ్గర కదా అని పెద్దవాళ్ళని ఆ దారిలో తొందరపెట్టకండి.

8. హిమరూపం చూడాలన్న కోరిక ఉంటే యాత్ర మొదలైన తొలి రోజుల్లో వెళ్ళండి. ఆ కోరిక తప్పేమీ కాదు. కానీ అది కనపడితేనే యాత్ర ఫలించినట్టు అని మనసులో షరతు పెట్టుకోకండి.

9. ప్లాస్టిక్ అక్కడ పారెయ్యకండి. మారేడాకులు తీసుకెళ్ళిన డబ్బాని మా అమ్మ ఖాళీ చేసి ఇంటికి తెచ్చింది.

ఈ వారం సాధన

ప్రతి పాఠం చివర ఒక చిన్న సాధన చెప్పుకోవడం మనకి అలవాటే కదా. ఈ వారం ఇది చేయండి. సోమవారం పొద్దున పసుపు గణపతిని చేసి మామూలుగా పూజ చేసుకోండి. ఉద్వాసన చెప్పేటప్పుడు తొందరపడకండి. ఆకుని జరిపాక, ఆ పసుపుని వెంటనే తియ్యకుండా రెండు నిమిషాలు దాని ముందు కూర్చోండి. ఇందాకటి దాకా దేవుడు. ఇప్పుడు పసుపు. మరి ఆయన ఎక్కడికి వెళ్ళాడు? ఎక్కడి నుంచి వచ్చాడో అక్కడికే. ఆ చోటు మీ లోపలే ఉందేమో చూసుకోండి. మీ ఇంట్లోంచి ఎవరైనా వెళ్ళిపోయి ఉంటే, వాళ్ళని కూడా ఆ రెండు నిమిషాల్లో తలుచుకోండి. నేను మా నాన్నగారిని తలుచుకుంటున్నాను.

వీడియోకి పాత ఫోటో పెట్టలేదండీ. మీరు చూసే ఉంటారు, మూత తెరిచిన ఒక ప్లాస్టిక్ డబ్బా, అంచులు నల్లబడ్డ నాలుగు మారేడాకులు. అది పంచతరణిలో పొద్దున్నే తీసిన ఫోటో. ఇంతకన్నా నిజమైన ఫోటో నా దగ్గర లేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ బిస్కెట్ డబ్బాని కడిగి ఎండబెట్టింది. "ఇప్పుడేం దాస్తావు?" అని అడిగాను. "కేదార్‌నాథ్‌కి" అంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అందరికీ ఆ అమరేశ్వరుడి అనుగ్రహం కలగాలని కోరుకుంటూ, హర హర మహాదేవ. శుభం.